నిన్నటి పేపర్లో ఇవాళ్టి వార్తలు

గ్రంథాలయాల్లో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా ఏడ్చేది శుక్రవారం గురించే. ఊరంతా ఆదివారం కాళ్లు చాపుకుని కూర్చుంటే మనం తాళం తీసుకుని బయల్దేరాలి. మనకు సెలవు దొరికే శుక్రవారం నాడు ఇంట్లో ఎవరూ ఉండరు. నా సర్వీసు మొత్తంలో చుట్టాల పెళ్లికి తీరిగ్గా పోయి, తీరిగ్గా తిని వచ్చింది లేదు. మీకూ అంతే. అలవాటు చేసుకోండి. కానీ నాకు ఒకే ఒక్క శుక్రవారం బాగా పనికొచ్చింది. ఆ కథ చెబుతాను, వినండి.

అప్పటికి నా రిటైర్మెంటు దగ్గరపడింది. మార్కాపురంలో ఇల్లు, అరిగిపోయిన మోకాళ్లు, ఇంటికి దగ్గర్లో పోస్టింగు ఇస్తారని ఆశ. వాళ్లేమో నన్ను కంభం దాటి లోపలికి పోయే రోడ్డులో ఒక ఊరి శాఖా గ్రంథాలయానికి వేశారు. ఆర్డరు చేతికొచ్చిన రోజు జిల్లా ఆఫీసులో ఎవరిని తిట్టాలో తెలియక, ఇంటికొచ్చి మా ఆయన్ని తిట్టాను. పొద్దున చీకటితో లేచి బస్సు ఎక్కి, కంభంలో దిగి, కూలి జనంతో కిక్కిరిసిన ఆటోలో ఇరుక్కుని, ఎనిమిదింటికల్లా లైబ్రరీ తలుపు తీయాలి. పదకొండు నుంచి నాలుగు దాకా మూసి, మళ్లీ సాయంత్రం తీయాలి. ఆ మధ్యలో ఇంటికి పోయి రాలేం కాబట్టి అక్కడే బెంచీ మీద ఒక కునుకు.

లైబ్రరీ అంటే రెండు గదులు, ముందు ఒక వసారా. ఊరికీ పాలెంకీ మధ్య రోడ్డు మీద ఉంటుంది. ఊళ్లో సేద్యం చేసుకునే కుటుంబాలు, పాలెంలో చర్చీ, కూలికి పోయే కుటుంబాలు. సాయంత్రం పూట పోలీసు ఉద్యోగాలకూ టీచరు ఉద్యోగాలకూ చదివే ఆడపిల్లలు, మగపిల్లలు రెండు వైపుల నుంచీ వచ్చేవాళ్లు. ఇంట్లో ఫ్యాను లేనివాళ్లు, ఇంట్లో టీవీ ఆగనివాళ్లు, ఇద్దరికీ మా గదే దిక్కు. కోడళ్లు తాము రాకుండా పిల్లల చేత వారపత్రికలు తెప్పించుకుని, మధ్య పేజీలో వంటల కాగితం చింపుకుని మిగతాది భద్రంగా తిప్పి పంపేవాళ్లు. ఎన్నిసార్లు అరిచినా ఆ కాగితాలు మాత్రం తిరిగి రాలేదు.

పొద్దున పూట మాత్రం లైబ్రరీ ముసలాళ్లది. పెద్ద బల్ల చుట్టూ బెంచీలు, తల దగ్గర ఒక చేతుల కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని ఒక పెద్దాయన పేపరు పైకి చదివేవాడు, మిగతావాళ్లు వినేవాళ్లు. ఆయన్ని అందరూ పేపరు పెద్దాయన అనేవాళ్లు. పొడుగు మనిషి, భుజం మీద తెల్ల టవలు. పొలం కొడుకులకు అప్పగించాక ఆయనకు మిగిలిన సేద్యం ఈ పేపరే. గొంతు ఎలాంటిదంటే, రోడ్డు మీద పోయే ఆటోవాడు కూడా ఇంజను ఆపి ఒక వార్త విని పోయేవాడు. ఊరికే చదవడు. కందుల ధర గురించి ఉంటే ధర చదివి, ఆ ధర పెట్టినవాడిని నాలుగు మాటలు అని, అప్పుడు ముందుకు పోతాడు. వినేవాళ్లలో ఎవరింట్లోనైనా ఈమధ్య చావు జరిగి ఉంటే ఆ రోజు యాక్సిడెంట్ల వార్తలు దాటేస్తాడు. ఈ చివరి సంగతి నేను చాలా రోజులకు గమనించాను. గమనించాక ఆయనంటే నాకు గౌరవం పుట్టింది.

చేరిన మొదటి వారం మాత్రం నాకు ఒళ్లు మండింది. గోడకు 'నిశ్శబ్దం' అని బోర్డు, దాని కిందే ఈయన గొంతు. నేను చదువుకున్న చదువులో లైబ్రరీలో దగ్గినా తప్పే. ఒకరోజు ఆ మాటే అన్నాను. ఆయన పేపరు మడిచి, చాలా మర్యాదగా, "అమ్మా, ఈడ కూచున్నోళ్లలో సగం మందికి అచ్చరం ముక్క రాదు. నేను మనసులో చదువుకుంటే వీళ్లు నా మొగం చూస్తా కూచోవాల్నా?" అన్నాడు. మరుసటి రోజు ఆ బోర్డు తీసి లోపలి గదిలో, పరీక్షలకు చదివే పిల్లల వైపు పెట్టించాను. వాళ్లకైనా పనికొస్తుందని.

పెద్దాయన కుడిచేతి వైపు రోజూ ఒకే మనిషి కూర్చునేవాడు. పాలెం నుంచి వచ్చేవాడు. పెద్దాయన కంటే కాస్త చిన్న. వయసులో ఉన్నప్పుడు వీళ్ల పొలంలో జీతానికి ఉండి మడక దున్నినవాడు. ఇప్పుడు చర్చిలో పెద్ద. చదువు రాదు. ఈయన ఆయన్ని 'అన్నా' అంటాడు, ఆయన ఈయన్ని 'తమ్ముడా' అంటాడు. అయినా పొలంలో ఉన్నన్నాళ్లూ ఈ తమ్ముడు గట్టు మీద అన్న పక్కన కూర్చున్నవాడు కాదు. ఊళ్లో ఇప్పటికీ అన్నగారి వసారాలోకి పోతే నిలబడే మాట్లాడతాడు. పక్కపక్కన మోచేతులు తగిలేలా కూర్చునేది మా బెంచీ దగ్గర మాత్రమే. దాని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడింది నేను వినలేదు. రోజూ వచ్చి కూర్చోవడమే.

ఆ గుంపులో ఇంకొకాయన ఉన్నాడు, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. ఆయనకు ఆ కుర్చీ మీద కన్ను. చదువొచ్చు, గొంతూ ఉంది. పెద్దాయన ఒక్కరోజు జ్వరమొచ్చి రాకపోతే చాలు, ఈయన వెళ్లి కూర్చుంటాడు. పెద్దాయనకు ఆ సంగతి తెలుసు. అందుకే జ్వరం వచ్చినా టవలు తలకు చుట్టుకుని వచ్చేవాడు.

కొన్ని నెలలు గడిచాక నాకు ఒక విషయం వింతగా అనిపించింది. మొదటి పేజీ బాగా చదువుతాడు, దేశం సంగతులు చదువుతాడు, క్రికెట్టు చదువుతాడు. జిల్లా పేజీ దగ్గరికి వచ్చేసరికి, "ఈ దినం మన జిల్లాలో ఏమీ లేదు" అని తిప్పేస్తాడు. మరుసటి రోజూ ఏమీ లేదు. ఆ మరుసటి రోజూ లేదు. ఒకరోజు కండక్టరు గడ్డం గీక్కుంటూ, మన జిల్లా అంత ప్రశాంతమైన జిల్లా రాష్ట్రంలో ఇంకోటి లేనట్టుందే అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఇక మా అటెండరు సంగతి. నడివయసు మనిషి, పనిమంతుడు, ఒకటే జబ్బు. బల్ల ఖాళీగా కనిపిస్తే ఓర్చుకోలేడు. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక రాత్రంతా కురిసి పొద్దునకు వాగు పొంగింది. పేపర్ల కట్ట తెచ్చే బస్సు రాలేదు. నేను ఎక్కిన ఆటో కూడా చుట్టూ తిరిగి తిరిగి చాలా ఆలస్యంగా చేర్చింది. అటెండరు తన దగ్గరున్న తాళంతో తలుపు తీసినట్టున్నాడు, నేను వసారా ఎక్కేసరికి లోపల పెద్దాయన గొంతు వినిపిస్తోంది. రాత్రి జరిగిన క్రికెట్టు మ్యాచిలో మనవాళ్లు ఎలా గెలిచారో చదువుతున్నాడు. బస్సు ఏ దారినో వచ్చిందన్నమాట అనుకుని, ముద్ర వేద్దామని స్టాంపు ప్యాడు తీసుకుని వెళ్లాను. రోజూ వచ్చిన పేపరు మీద లైబ్రరీ ముద్ర, తేదీ వేయడం నా మొదటి పని.

ఆ పేపరు మీద ముద్ర అప్పటికే ఉంది. నేను వేసిందే. నిన్నటిది.

బల్ల ఖాళీగా ఉండకూడదని మా అటెండరు నిన్నటి పేపరే నీటుగా మడిచి పెట్టాడు. పెద్దాయన అందులోంచి ఇవాళ్టి వార్తలు చదువుతున్నాడు. వేలు ఒక్కో వరుస మీద నడుస్తోంది, అవసరమైన చోట ఆగుతోంది, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతున్నాడు. ఆ వేలు కింద ఉన్నది ఎరువుల కంపెనీ ప్రకటన. నేను స్టాంపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కండక్టరు వైపు చూశాను. ఆయన కళ్లు దించుకుని నేల చూస్తున్నాడు. మిగతావాళ్లూ అంతే. పాలెం ఆయన మాత్రం నా కళ్లలోకి సూటిగా చూశాడు. తల అడ్డంగా ఊపలేదు, చెయ్యి ఎత్తలేదు. కానీ నోరు మెదపొద్దని చెబుతున్నట్టు నాకు అర్థమైంది. మెల్లగా వెనక్కి వచ్చి నా టేబులు దగ్గర కూర్చున్నాను.

ఆ రోజంతా నాకు అదే ఆలోచన. రాత్రి టీవీ ముందు, పొద్దున రేడియో పక్కన కూర్చుని విన్నదంతా మనసులో వరస పెట్టుకుని వస్తున్నాడు. జిల్లా కబుర్లు టీవీలో అంతగా రావు కాబట్టి మా జిల్లా ప్రశాంతంగా ఉంది. ఆ వయసులో, పోయే కళ్లతో, పరీక్షకు చదివే పిల్లవాడిలా రోజూ వార్తలు బట్టీ పడుతున్న మనిషిని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఏడుపొచ్చినప్పుడు ఊరుకుంటే బాగుండేది. నేను ఊరుకునే మనిషిని కాదు. మార్కాపురంలో కళ్లద్దాల దుకాణంలో పెద్ద భూతద్దం ఒకటి కొన్నాను, పిడి ఉన్నది. మరుసటి రోజు బల్ల మీద పెట్టి, "ఇది అందరి కోసం, చిన్న అక్షరాలు చదవడానికి" అన్నాను. చాలా తెలివిగా చేశాననుకున్నాను. పెద్దాయన ఆ అద్దాన్ని చేత్తో తడిమి చూశాడు. అదేమిటో అర్థమయ్యాక జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, టవలు దులుపుకుని లేచాడు. ఇంటి దగ్గర పనుందమ్మా అని వెళ్లిపోయాడు. మరుసటి రోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కండక్టరుకు కుర్చీ దొరికింది. కానీ పాపం, ఆయన చదివితే వార్తలన్నీ స్టాపుల పేర్లలా వినిపించేవి. ఢిల్లీ, హైదరాబాదు, విజయవాడ అని ఒక్కోటి అరిచి, దిగేవాళ్ల కోసం అన్నట్టు ఆగేవాడు. వారం తిరగకుండా బెంచీలు సగం ఖాళీ అయ్యాయి. ఒకరోజు ఆయనే పేపరు మడిచి నా దగ్గరికి వచ్చి, "వాళ్లకు కావాల్సింది పేపరు కాదు మేడమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలుస్తోంది. ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్న చిన్నచూపు పోయింది.

పాలెం ఆయన రోజూ వచ్చేవాడు కానీ లోపలికి వచ్చేవాడు కాదు. వసారా మెట్టు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. నేను వెళ్లి పక్కనే కూర్చున్నాను. తప్పు నాదేనని, పెద్దాయన కళ్ల సంగతి మీకందరికీ ముందే తెలుసా అని అడిగాను.

"శానా దినాల నుంచి తెలుసు మేడమ్మా. ఒకనాడు సందులో ఎదురుపడినాడు. నేను నిలబడితి. నన్ను చూస్తానే ఉండాడు, పలకకుండా దాటుకోని పోయినాడు. కోపమేమో అనుకుంటి. అంతలో నాకు దగ్గొచ్చింది. దగ్గు వినంగానే ఎనక్కి తిరిగి, ఏరా తమ్ముడా యాడికి అన్నాడు. ఆ దినం నుంచి ఎదురైతే ముందు దగ్గుతా."

అప్పుడు నాకు తట్టింది. పొద్దున లైబ్రరీలోకి వచ్చే ముసలాళ్లంతా గడప దగ్గర దగ్గి లోపలికి వచ్చేవాళ్లు. బీడీల వల్ల అనుకుని నేను ముక్కు చిట్లించుకునేదాన్ని. అందరూ ఆయన కోసమే దగ్గుతున్నారు.

మిగతాది ఆయనే చెప్పాడు. పెద్దాయన సొంత అన్నకు, ఈయన చిన్నతనంలో ఎప్పుడో, కంటి ఆపరేషను చేయిస్తే ఆ కన్ను పూర్తిగా పోయిందట. ఆ భయం ఈయనకు పట్టుకుంది. కొడుకు మార్కాపురం తీసుకుపోయి చూపిస్తే, శుక్లం బాగా ముదిరింది, ఇంకా ఆలస్యం చేస్తే చూపు వస్తుందో రాదో చెప్పలేం అన్నారట. కొడుకు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఈయన కదల్లేదు. "భయం ఒకటే కాదు మేడమ్మా" అన్నాడు పాలెం ఆయన. "కనపడదని ఒప్పుకుంటే ఆ కుర్చీలో యాడ కూచుంటాడు? ఇంట్లో మూలకు కూచోవాల. మా అన్న మూలకు కూచుంటే ఎక్కువ దినాలు బతకడు."

చేతిలో ఆ రోజు పేపరు ఉంటే ఊరికే విప్పాను. ఇన్నాళ్లూ మా ఊరివాళ్లు ఎవరూ వినని జిల్లా పేజీ. అందులో ఒక మూల చిన్న వార్త: వచ్చే శుక్రవారం మార్కాపురంలో ఉచిత కంటి శిబిరం, ఆపరేషను అవసరమైనవాళ్లకు అక్కడి ఆసుపత్రిలోనే చేస్తారు, కంభం నుంచి బస్సు ఉంటుంది. పైకి చదివాను. పాలెం ఆయన మళ్లీ చదవమన్నాడు. చదివాను. తన ఎడమ కన్ను చూపించి, ఇందులోనూ పొర కమ్మింది, చూడు మేడమ్మా అన్నాడు. నిజంగానే తెల్లగా ఉంది. రోజూ చూసే మనిషి, నేనెప్పుడూ గమనించలేదు.

ఆ సాయంత్రం ఆయన అన్న ఇంటికి వెళ్లాడు. అక్కడేం జరిగిందో తర్వాత నాకు చెప్పాడు. నీకు కళ్లు పోయాయి, పద, అనలేదు. నాకు ఆపరేషనంట అన్నా, నాకు శానా భయంగా ఉండాది, నువ్వు తోడు రా అని అడిగాడు. అదేమైనా ఎత్తా అని నేనడిగితే, "ఎత్తేంది మేడమ్మా, నిజంగానే భయం" అన్నాడు. పెద్దాయన, నీకు తోడంటే వస్తా, నన్ను మాత్రం ఎవురూ ముట్టుకోవద్దని చెప్పాల అన్నాడట.

ఆ శుక్రవారం మార్కాపురంలో నేనే ముందు వెళ్లి నిలబడ్డాను. ఒక కల్యాణ మండపంలో శిబిరం. పుల్లలచెరువు నుంచి, హనుమంతునిపాడు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముసలి జనం కుర్చీల వరసల్లో కూర్చున్నారు. కంభం బస్సు దిగి వీళ్లిద్దరూ వచ్చారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియడం లేదు. నేను పలకరిస్తే పెద్దాయన, "నువ్వెందుకొచ్చినావమ్మా సెలవు నాడు" అన్నాడు. భూతద్దం మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

వరస మెల్లగా కదిలింది. ముందు ఒక అమ్మాయి కూర్చుని అందరికీ చూపు పరీక్ష చేస్తోంది. చదువొచ్చా తాతా అని అడుగుతుంది. వచ్చినవాళ్లకు గోడ మీద తెలుగు అక్షరాల పట్టీ. పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. రానివాళ్లకు పక్కన ఇంకో పట్టీ, గీతలు ఏ వైపు తిరిగాయో వేళ్లతో చూపిస్తే చాలు. తోడు వచ్చినవాళ్లను కూడా వదలడం లేదు, ఎలాగూ వచ్చారుగా కూర్చోండి అంటోంది. పాలెం ఆయన వంతు ముందొచ్చింది. చదువు రాదన్నాడు. వేళ్లు ఒకవైపు చూపించబోయి ఇంకోవైపు చూపించాడు. ఆ అమ్మాయి చీటీ రాసి ఆపరేషను వరసలోకి పంపింది. ఆయన అక్కడే పక్కన నిలబడ్డాడు.

పెద్దాయన తోడుగా వచ్చానంటూనే కూర్చున్నాడు. చదువొచ్చా అని అడిగితే ఛాతీ కాస్త పైకి లేచింది. వచ్చమ్మా అన్నాడు. ఒక కన్ను మూయించి, పైనుంచి చదవమంది.

ఆయన గొంతు సవరించుకుని చదివాడు. మా లైబ్రరీలో ఎలా చదివేవాడో అలాగే. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. చిట్టచివర నా కళ్లకే సరిగ్గా ఆనని చిన్న అక్షరాలు కూడా తడుముకోకుండా చదివేశాడు. రెండో కంటితోనూ అంతే. ఆ అమ్మాయి సంతోషంగా, నీ కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి తాతా, ఇంటికి పోవచ్చు అంది.

నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. తర్వాత అర్థమైంది. వరసలో ఇంతసేపు కూర్చుని, ముందువాళ్లు చదివిన అక్షరాలన్నీ విన్నాడు. విన్నదాన్ని గుర్తుపెట్టుకుని అప్పజెప్పాడు. కావాలని మోసం చేశాడని నేననుకోను. ఎవరైనా చదవమంటే ఆయనకు చేతనైనది అదే. ఆయన ఆ కుర్చీలోంచి లేచాడు. నాలుగడుగులు వేస్తే శిబిరం అయిపోతుంది, బస్సు ఎక్కి ఇంటికి పోతాడు, మళ్లీ ఏ దేవుడు వచ్చినా ఆయన్ని ఇలాంటి చోటుకు తీసుకురాలేడు. నేను నోరు తెరిచి నిజం చెబితే అంతమందిలో ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే కళ్లు పోతాయి. ఒకసారి భూతద్దం పెట్టి చూశాను కదా, ఈసారి పాలెం ఆయన వైపు తిరిగాను.

పాలెం ఆయన వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు కానీ, నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినిపించింది.

"అన్నా, ఈడ మన లైబ్రరీ వాళ్లు ఎవురూ లేరు. వినేటోళ్లు లేరు. నేనొక్కన్నే ఉండా. నా కాడ చదవాల్సిన పని లేదు."

పెద్దాయన కదలకుండా నిలబడ్డాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను, అక్కడ లేనట్టే. వెనక వరసలో ఎవరో త్వరగా కానివ్వమని గొణుగుతున్నారు. పెద్దాయన తమ్ముడి వైపు తల తిప్పి, "నీకు ఎప్పటి నుంచి తెలుసురా?" అన్నాడు.

"ముందు నుంచీ తెలుసు."

"అందరికీ తెలుసా?"

"తెలుసన్నా. నువ్వు చదివితే చాలని కూచున్నారు."

పెద్దాయన టవలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్లీ వెనక్కి వచ్చి, చేత్తో తడుముకుని అదే కుర్చీలో కూర్చున్నాడు. "అమ్మాయ్, నేను చెప్పింది తప్పు. నాకు ఆ గోడే కనపడటం లేదు, అచ్చరాలు యాడ కనపడతాయి" అన్నాడు. ఆ అమ్మాయి తల పైకెత్తి ఆయన కళ్లలోకి లైటు వేసి చూసింది. మందలించలేదు. చీటీ రాసి, మెల్లగా లేపి, పాలెం ఆయన పక్కనే వరసలో నిలబెట్టింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మరుసటి రోజు ఇద్దరికీ ఒక్కో కంటికి ఆపరేషను అయింది. ఆదివారం నేను సెలవు పెట్టి పేపరు, ఇడ్లీలు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఆదివారం సెలవు చీటీ రాసే భాగ్యం మన ఉద్యోగానికే ఉంది. పక్కపక్క మంచాల మీద కళ్లకు కట్లతో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఒకాయన చర్చికి పోలేకపోయానని, ఇంకొకాయన పేపరు ఇంకా రాలేదని విసుక్కుంటున్నారు. పేపరు నా చేతిలో ఉందంటే, చదువమ్మా అన్నాడు పెద్దాయన. నా ఉద్యోగం మొత్తంలో నేను పేపరు పైకి చదివింది అదే మొదటిసారి. అంత వేగంగా వద్దు, ఆ ఊరి పేరు మళ్లీ చెప్పు, ధర దగ్గర కాస్త ఆగు అని ఆయన దిద్దుతూనే ఉన్నాడు. ముందు ఆ రెండు మంచాలవాళ్లే విన్నారు. కాసేపటికి చూస్తే గది మొత్తం వింటోంది. నేను సంపాదించిన లైబ్రరీ సైన్సు పట్టా ఆ పూట నాకు కొంచెం పనికొచ్చినట్టు అనిపించింది.

ఇంటికి పంపాక నల్ల కళ్లద్దాలు పెట్టి, దుమ్మూ పొగా తగలకుండా ఎవరిళ్లలో వాళ్లను ఉండమన్నారు. ఆ రోజుల్లో కండక్టరు కుర్చీలో కూర్చోకుండా బెంచీ మీద కూర్చునే చదివేవాడు. జిల్లా పేజీ కూడా చదివేవాడు. విని విని, కళ్లు మసకబారినవాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. తర్వాత పెట్టిన శిబిరానికి మా లైబ్రరీ నుంచి ఒక ఆటో నిండా జనం పోయారు.

తర్వాత చదివే అద్దాలు వచ్చాయి. పెద్దాయన మళ్లీ లైబ్రరీకి వచ్చిన రోజు మా అటెండరు పొద్దున్నే గదంతా తడిగుడ్డతో తుడిచాడు, పేపరు మీద తేదీ మూడుసార్లు చూసుకున్నాడు. పాలెం ఆయన అప్పటికే వచ్చి తన చోట కూర్చున్నాడు. పెద్దాయన కుర్చీలో కూర్చుని అద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. నిజం చెప్పొద్దూ, అంత బాగా లేదు. ఒక్కో మాట దగ్గర ఆగుతున్నాడు, వరుస తప్పుతున్నాడు, మళ్లీ వెనక్కి పోతున్నాడు. కంటితో చదివే అలవాటు పోయి ఎన్నాళ్లయిందో. బెంచీ చివర నుంచి ఒకాయన, ముందు చదివిందే రుచిగా ఉండె మామా అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి పెద్దాయనా నవ్వాడు.

నవ్వుతూ పేపరు మీద నుంచి తల ఎత్తాడు. ఆయన అలా తల ఎత్తి చూడటం నేనెప్పుడూ చూడలేదు. బల్ల చుట్టూ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు. కండక్టరును చూశాడు, అటెండరును చూశాడు, నన్ను చూసి, ఇంత చిన్నగా ఉన్నావేందమ్మా, గొంతు విని పెద్ద మనిషివనుకుంటి అన్నాడు. చివరికి కుడి పక్కకు తిరిగాడు. అక్కడ చూపు ఆగిపోయింది. బోసి నోరు, ముగ్గుబుట్టలా తల, బుగ్గల్లో గుంటలు. చాలాసేపు అలాగే చూశాడు.

"ఏందిరా తమ్ముడా," అన్నాడు. "ఇంత ముసలోడివి ఎప్పుడైనావురా?"

"నువ్వు పేపరు చదువుతాంటే ఈడ్నే కూచోని అయినా అన్నా," అన్నాడు పాలెం ఆయన.

పెద్దాయన అద్దాలు తీసి టవలుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని మళ్లీ చూశాడు. పేపరు మడిచి కండక్టరు వైపు జరిపాడు. ఆ రోజు మిగతా వార్తలు కండక్టరే చదివాడు.